ఆకునీళ్లు ఎప్పుడు మందవుతాయి? హెర్బల్ టీ దుష్ప్రభావాల లెక్క

తేయాకు మొక్క నుంచి వచ్చినదాన్నే ‘టీ’ అని అమ్మాలని, తులసి, చామంతి లాంటివాటి పొట్లాల మీద ఆ మాట వాడితే కొనేవాళ్లను తప్పుదోవ పట్టించినట్టేనని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 డిసెంబరులో స్పష్టం చేసింది. ఆ వార్త చదివాక చాలామందికి అనుమానం మొదలైంది. ఇన్నాళ్లూ తాగినవి మంచివి కావా అని. ఆ స్పష్టీకరణ పేరు గురించే, హాని గురించి కాదు. హెర్బల్ టీ హాని చేస్తుందా అన్నది వేరే ప్రశ్న, చాలా పాతది కూడా. దానికి అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి. ఏ మొక్క, ఎన్ని గ్రాములు, ఎన్నాళ్లు, తాగే మనిషి ఇంకా ఏం మింగుతున్నారు అన్నవాటిని బట్టి జవాబు మారిపోతుంది.

కప్పులోకి దిగేది ఎంత

మామూలు టీ సంచిలో 1.5 నుంచి 2 గ్రాముల ఆకు ఉంటుంది. వేడినీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ముంచి తీస్తాం. ఆ కాస్త సమయంలో రంగు, వాసన, తేలిగ్గా కరిగే పదార్థాలు దిగుతాయి. కషాయం సంగతి అలా కాదు. సంప్రదాయ పద్ధతిలో ఒక వంతు మూలికకు పదహారు వంతుల నీళ్లు పోసి, నాలుగో వంతో ఎనిమిదో వంతో మిగిలేదాకా మరిగిస్తారు. మూలికలోని సారం చాలావరకు ఆ గ్లాసులోకి వచ్చేస్తుంది. మూడో రకంలో వడకట్టడమే ఉండదు. పొడిని నీళ్లలో కలిపి గసితో సహా తాగేస్తారు. అప్పుడు మొక్కలో ఉన్నదంతా కడుపులోకి పోతుంది.

పేరు ఒక్కటే అయినా ఈ మూడింటి మోతాదులు ఒకదానికొకటి దగ్గరగా కూడా ఉండవు. ‘మా ఇంట్లో తరతరాలుగా వాడుతున్నాం’ అనే మాట నిజమే కావచ్చు. కానీ ఆ తరాలవాళ్లు జలుబు చేసినప్పుడు మూడు రోజులు తాగారు. ఇప్పుడు అదే కషాయం ఫ్లాస్కులో పోసుకుని ఏడాది పొడవునా తాగేవాళ్లున్నారు. ఆయుర్వేద వైద్యులు కూడా కషాయానికి మాత్ర (అంటే మోతాదు), అనుపానం (దేనితో కలిపి తీసుకోవాలో), కాలం చెప్పి ఇచ్చేవారే తప్ప ఎంతైనా తాగమని ఎన్నడూ అనలేదు.

అతిమధురం: తీపి వెనక బీపీ

గొంతు నొప్పికి, దగ్గుకు అమ్మే హెర్బల్ టీల్లో అతిమధురం దాదాపు తప్పనిసరి. పొట్లం మీద యష్టిమధు, ములేఠీ, లికోరైస్ అని ఏ పేరైనా ఉండొచ్చు. ఇందులోని గ్లిసిరైజిన్ చక్కెర కంటే 30 నుంచి 50 రెట్లు తీపి. పంచదార లేకుండానే టీ తియ్యగా ఉంటుంది కాబట్టి మధుమేహం ఉన్నవాళ్లు ఇష్టంగా ఎంచుకుంటారు. వాళ్లలో చాలామందికి బీపీ కూడా ఉంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

మన మూత్రపిండాల్లో ఉప్పును పట్టి ఉంచమని చెప్పేది ఆల్డోస్టెరాన్ అనే హార్మోను. అది వచ్చి కూర్చునే గ్రాహకంలో కార్టిసాల్ అనే మరో హార్మోను కూడా సరిగ్గా ఇమిడిపోతుంది. ఒంట్లో ఆల్డోస్టెరాన్ కంటే కార్టిసాల్ చాలా ఎక్కువ. అది అక్కడ కూర్చోకుండా ఒక ఎంజైము కాపలాదారులా నిలబడి, వచ్చిన కార్టిసాల్‌ను వచ్చినట్టే ఆ గ్రాహకంలో ఇమడని కార్టిసోన్‌గా మార్చేస్తుంటుంది. అతిమధురం పేగుల్లో విరిగి తయారయ్యే గ్లిసిరెటినిక్ ఆమ్లం ఈ ఎంజైమును అడ్డుకుంటుంది. ఇక కార్టిసాల్ నేరుగా వెళ్లి ఉప్పు పట్టి ఉంచమని ఆజ్ఞ ఇస్తుంది. ఉప్పుతో పాటు నీరు నిలుస్తుంది, బీపీ పెరుగుతుంది, పొటాషియం మూత్రంలో పోతుంది. కాళ్ల వాపు, తలనొప్పి, పిక్కలు పట్టేయడం, నీరసం, గుండె దడ ఈ వరసలోవే. పొటాషియం మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది.

ఐరోపాలో రోజువారీ వాడకానికి గ్లిసిరైజిన్ 100 మిల్లీగ్రాములు దాటకూడదని 2003లో నిపుణుల సంఘం సూచించింది. దీన్ని కప్పులోకి మార్చి చూద్దాం. ఐరోపా ఔషధ ప్రమాణాల ప్రకారం ఎండు అతిమధురం వేరులో గ్లిసిరైజిక్ ఆమ్లం (గ్లిసిరైజిన్‌కే మరో పేరు) కనీసం 4 శాతం ఉండాలి. అంటే 5 గ్రాముల వేరుముక్కలో 200 మిల్లీగ్రాములు. మరిగించినప్పుడు అందులో సగమే దిగిందనుకున్నా రోజుకు ఒక్క గ్లాసుతో ఆ హద్దుకు చేరతాం. రెండు గ్లాసులు తాగితే రెట్టింపు. టీ సంచిలో ఏడెనిమిది దినుసుల మధ్య అతిమధురం పావు గ్రాము ఉంటే అదే 4 శాతం లెక్కన 10 మిల్లీగ్రాములే. రోజుకు ఒకటి రెండు సంచులతో ఆరోగ్యవంతులకు ఏమీ కాదు. రెండు పొట్లాల మీదా ‘అతిమధురం’ అనే ఉంటుంది, తేడా మాత్రం పదింతలకు పైగా.

ఈ హద్దు కూడా అందరికీ ఒకటి కాదు. వయసు మళ్లినవాళ్లు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు తక్కువకే దెబ్బతింటారు. బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్తాలిడోన్ లాంటి నీరు పోయే బిళ్లలు వాడేవాళ్లలో పొటాషియం ముందే తగ్గుతూ ఉంటుంది. దానికి అతిమధురం తోడైతే రెండు వైపులా కారిపోతుంది. డిగాక్సిన్ వాడేవాళ్లకు పొటాషియం తగ్గడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే అదే మోతాదు బిళ్ల విషంగా మారుతుంది.

ఆస్పత్రిలో ఇది ఎలా తప్పిపోతుందో తెలుసుకోవాలి. బీపీ ఎక్కువ, పొటాషియం 3.5 కంటే తక్కువ అని రిపోర్టు వస్తే డాక్టరు మొదట అడ్రినల్ గ్రంథిలో ఆల్డోస్టెరాన్ ఎక్కువగా తయారవుతోందేమోనని అనుమానిస్తారు. పరీక్ష చేయిస్తే ఆల్డోస్టెరాన్ తక్కువ, దాని తయారీని పురిగొల్పే రెనిన్ కూడా తక్కువ. ఈ నాలుగూ కలిసి కనిపిస్తే అడగాల్సిన ప్రశ్నల్లో ముఖ్యమైనది అతిమధురం గురించే. ‘మందులేమైనా వాడుతున్నారా’ అని అడిగితే ఎవరూ దాన్ని చెప్పరు, వాళ్ల లెక్కలో అది టీ కాబట్టి.

దాల్చిన చెక్క: రెండు రకాలు, రెండు లెక్కలు

బజారులో దాల్చిన చెక్క పేరుతో రెండు చెట్ల బెరళ్లు దొరుకుతాయి. సిలోన్ రకం పలచటి పొరలు చుట్టలు చుట్టుకుని, వేళ్లతో నలిపితే పొడైపోతుంది. కాసియా రకం మందంగా, ఒకే పొరగా, గట్టిగా ఉంటుంది. బిర్యానీకి వాడేది ఎక్కువగా ఇదే, చవక కూడా. కాసియాలో కుమారిన్ అనే పదార్థం ఉంటుంది. అది కొందరి కాలేయానికి పడదు. సిలోన్ రకంలో అది నామమాత్రం.

కుమారిన్‌కు ఐరోపా ఆహార సంస్థ పెట్టిన హద్దు కిలో శరీర బరువుకు రోజుకు 0.1 మిల్లీగ్రాము. 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు. కాసియాలో సగటున గ్రాముకు 3 మిల్లీగ్రాముల కుమారిన్ ఉంటుందనుకుంటే, రోజూ తినగలిగేది 2 గ్రాములు.

కోవిడ్ కాలంలో ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచించిన ఆయుష్ క్వాథ్‌ను ఈ తక్కెడలో పెట్టి చూద్దాం. తులసి నాలుగు వంతులు, శొంఠి రెండు, దాల్చిన చెక్క రెండు, మిరియాలు ఒకటి. ఈ పొడి 3 గ్రాములు 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లలో వేసి రోజుకు ఒకటి రెండుసార్లు తాగమన్నారు. తొమ్మిది వంతుల్లో దాల్చిన చెక్క రెండు, అంటే మోతాదుకు 0.67 గ్రాము. అంతా కాసియాయే అనుకున్నా కుమారిన్ 2 మిల్లీగ్రాములు, రెండుసార్లకు 4. హద్దులోపలే ఉంది.

అదే ఇంట్లో ‘దాల్చిన నీళ్లు’ అంటూ ఉదయం ఒక చెంచా పొడి, రాత్రి ఒక చెంచా తాగితే? తలకొట్టిన చెంచాకు దాదాపు 2.5 గ్రాములు పడుతుంది. రోజుకు 5 గ్రాములు, కుమారిన్ 15 మిల్లీగ్రాములు. హద్దుకు రెండున్నర రెట్లు. కొద్దిరోజులు దాటినంత మాత్రాన ఏమీ కాకపోవచ్చు. ఆ హద్దును జీవితాంతం రోజూ తిన్నా పరవాలేదనే లెక్కతో పెట్టారు. నెలల తరబడి సాగినప్పుడు, అప్పటికే కొవ్వు కాలేయం ఉన్నప్పుడు ఈ లెక్కకు విలువ వస్తుంది. పొడి తినకుండా చెక్క మరిగించి వడకట్టుకుంటే కొంత భాగమే దిగుతుంది. సిలోన్ రకం వాడితే ఈ బెంగే లేదు.

తిప్పతీగ మీద వివాదం: ఎవరి వాదన ఏమిటి

2020లో రోగనిరోధక శక్తి కోసం తిప్పతీగ కషాయం ఇంటింటికీ చేరింది. 2021లో ముంబయి కాలేయ వైద్యులు ఆరుగురు రోగుల వివరాలు ప్రచురించారు. అందరూ తిప్పతీగ వాడినవాళ్లే, అందరికీ కాలేయం దెబ్బతింది. ఆ వాపు స్వరూపం, శరీరం తన కాలేయాన్ని తానే ఎదిరించే ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లా ఉంది. 2022లో హైదరాబాద్‌తో సహా దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మందిపై పెద్ద నివేదిక వచ్చింది. వాడకం మొదలుపెట్టినప్పటి నుంచి లక్షణాలు కనిపించేదాకా మధ్యస్థంగా 46 రోజులు పట్టింది.

ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఖండించింది. రోగులు తాగినది నిజంగా తిప్పతీగేనని వృక్షశాస్త్ర పరంగా ముందు నిర్ధారించాలని, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే తీగ కావచ్చని వాదించింది. ఆ రెండో తీగ కాండం మీద బొడిపెలు ఎక్కువగా ఉంటాయి, ఆకులు మాత్రం రెండింటికీ హృదయాకారమే. పెరట్లో కోసుకునేవాళ్లు పొరపడటం కష్టమేమీ కాదు. కోట్లమంది వాడినప్పుడు కొందరికి కాలేయ జబ్బు యాదృచ్ఛికంగా కూడా వస్తుందన్న వాదనా ఉంది.

ఈ రెండు వాదనలనూ తూచాలంటే కారణాన్ని ఎలా నిర్ధారిస్తారో చూడాలి. వైద్యులు వాడే పద్ధతిలో వాడకానికి, జబ్బుకు మధ్య వ్యవధి, ఆపాక ఎంజైములు తగ్గిన తీరు, హెపటైటిస్ వైరస్‌లు లేవన్న రుజువు, ఇతర మందుల వాడకం వీటికి మార్కులు వేస్తారు. వచ్చిన మొత్తాన్ని బట్టి ‘సంభావ్యం’, ‘అత్యంత సంభావ్యం’ అని తేలుస్తారు. అది గణితంలో లాంటి రుజువు కాదు. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. వేర్వేరు ఊళ్లలో ఒకే తరహా గాయం కనిపించడం బలమైన సంకేతం. మరోవైపు, ఎంతమంది తాగితే ఎంతమందికి వచ్చిందన్న నిష్పత్తి ఈ నివేదికల నుంచి రాదు. తాగినవాళ్ల మొత్తం సంఖ్య వాటిలో ఉండదు కదా. నా అంచనాలో తిప్పతీగ అందరికీ విషం కాదు. థైరాయిడ్, కీళ్లవాతం, బొల్లి, సోరియాసిస్ లాంటి ఆటోఇమ్యూన్ ధోరణి ఉన్నవాళ్లకు, తెలియని కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ప్రమాదం నిజమైనదే. రోగనిరోధక వ్యవస్థను ఉసిగొల్పుతుందనే కదా దాన్ని తాగుతున్నది. ఆ వ్యవస్థే దారి తప్పి ఉన్నవాళ్లకు అదే మేలు కీడవుతుంది.

కాలేయం విషయంలో మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని గ్రీన్ టీ సారం కూడా చూపించింది. వేడినీళ్లలో వేసుకుని తాగే గ్రీన్ టీ నుంచి ఈజీసీజీ అనే పదార్థం మామూలుగా రోజుకు 90 నుంచి 300 మిల్లీగ్రాములు అందుతుంది. సన్నబడటానికి అమ్మే గుళికల్లో 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్నవాళ్లలో కాలేయ ఎంజైములు పెరిగాయని 2018లో ఐరోపా సంస్థ తేల్చింది. తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లలో హెచ్‌ఎల్‌ఏ-బి 35:01 అనే జన్యు రకం ఎక్కువగా కనిపించింది. ఒకే డబ్బాలోంచి ఇద్దరు తాగి, ఒక్కరికే కామెర్లు రావడం వెనక ఇలాంటి కారణాలుంటాయి.

బిళ్లతో కలిసినప్పుడు

2006లో కెనడా వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. 70 ఏళ్ల మహిళ, గుండెలో కృత్రిమ కవాటం, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారు. దగ్గుకు రోజుకు నాలుగైదు కప్పుల కెమొమైల్ టీ తాగుతూ, అదే పువ్వుతో చేసిన లేపనం కూడా ఒంటికి రాసుకున్నారు. శరీరం లోపల పలుచోట్ల రక్తస్రావంతో ఆస్పత్రిలో చేరారు. రక్తం పలచదనాన్ని కొలిచే ఐఎన్‌ఆర్ ఇలాంటి కవాటం ఉన్నవాళ్లలో సాధారణంగా 2.5–3.5 మధ్య ఉండాల్సింది 7.9కి చేరింది. కెమొమైల్ చామంతి కుటుంబంలోది. ఆ కుటుంబం పూల పుప్పొడి పడనివాళ్లకు ఈ టీతో దురద, దద్దుర్లు, ఉబ్బసం రావచ్చు. మన పొలాల గట్ల మీది వయ్యారిభామ కూడా ఈ కుటుంబానిదే. దానితో తుమ్ములు, చర్మం మంటలు వచ్చేవాళ్లు మొదటి కప్పును కాస్త జాగ్రత్తగా తాగాలి.

‘హైబిస్కస్ టీ’ అంటే మందారం అనుకుంటారు. ప్రపంచ మార్కెట్లో ఆ పేరుతో అమ్మేది ఎక్కువగా మన గోంగూర మొక్క కాయల చుట్టూ ఉండే ఎర్రటి పుల్లని రేకలు. అమెరికాలో బీపీ కాస్త ఎక్కువగా ఉన్న 65 మందిపై జరిగి 2010లో వెలువడిన పరిశోధనలో, రోజుకు మూడు కప్పులు ఆరు వారాలు తాగినవాళ్లలో పైబీపీ సగటున 7.2 పాయింట్లు తగ్గింది. ఉత్తుత్తి పానీయం తాగినవాళ్లలో 1.3. ఇది మంచి వార్తే. బీపీ బిళ్లలు రెండు మూడు వేసుకుని, లేచి నిలబడగానే కళ్లు తిరిగేవాళ్లకు మాత్రం ఆ ఏడు పాయింట్లు అదనపు బిళ్ల కింద లెక్క.

దీనికి ఎదురు దిశలో జరిగేవీ ఉన్నాయి. జపాన్‌లో 10 మంది ఆరోగ్యవంతులకు రోజుకు 700 మిల్లీలీటర్ల గ్రీన్ టీ 14 రోజులు ఇచ్చి, నడొలోల్ అనే బీపీ మందు వేశారు. రక్తంలోకి చేరిన మందు దాదాపు 85 శాతం తగ్గింది. మందును పేగు గోడ దాటించే వాహక ప్రోటీన్‌ను టీ అడ్డుకుందని పరిశోధకులు భావించారు. అమెరికా, ఐరోపాల్లో ఉండే తెలుగువాళ్లకు అక్కడి దుకాణాల్లో సెయింట్ జాన్స్ వోర్ట్ టీ దొరుకుతుంది. దిగులు తగ్గుతుందని తాగుతారు. అది కాలేయంలో మందుల్ని విరిచే ఎంజైములను పెంచి, గర్భనిరోధక మాత్రలు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే సైక్లోస్పోరిన్ పనిచేయకుండా చేస్తుంది.

సన్నబడే టీలో సునాముఖి

‘స్లిమ్’, ‘డీటాక్స్’ అని రాసిన పొట్లం తాగిన మర్నాడు బరువు కిలో తగ్గిందంటే, దినుసుల్లో సునాముఖి ఉందేమో చూడండి. సెన్నా, నేలతంగేడు అని కూడా రాస్తారు. ఇందులోని సెన్నొసైడ్లు పెద్దపేగును కదిలించి 6 నుంచి 12 గంటల్లో విరేచనం చేయిస్తాయి. ఆహారంలోని కేలరీలు ఎక్కువ భాగం అంతకుముందే చిన్నపేగులో ఒంటికి పట్టేసి ఉంటాయి. పోయేది నీరు, లవణాలు. రెండు రోజుల్లో బరువు తిరిగి వస్తుంది. పది నిమిషాలు ఎక్కువ నానితే చాలు, కప్పు ఘాటు పెరిగి కడుపు మెలిపెడుతుంది. వారానికి మించి రోజూ వాడితే పొటాషియం పడిపోవచ్చు.

భోజనం పక్కన కప్పు

ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుమును టీలోని పాలీఫినాల్స్ పట్టుకుని ఒంటికి పట్టనివ్వవు. తేయాకులో కెఫీన్ ఉంది కాబట్టి హాని, పుదీనాలో లేదు కాబట్టి ఫరవాలేదనుకుంటారు. 1999లో వచ్చిన కొలతల్లో రొట్టెతో పాటు తాగినప్పుడు మామూలు టీ ఇనుము శోషణను 79 నుంచి 94 శాతం తగ్గిస్తే, పెప్పర్‌మింట్ టీ 84 శాతం, కెమొమైల్ 47 శాతం తగ్గించాయి. కెఫీన్‌కు దీనితో సంబంధం లేదు. 15–49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతమని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఐరన్ బిళ్లను హెర్బల్ టీతో మింగితే ఆ బిళ్లలో కొంత భాగం వృథా కావచ్చు. భోజనానికి, టీకి మధ్య గంట ఎడం ఉంటే నష్టం బాగా తగ్గుతుంది.

పొట్లంలో ఉన్నది ఆ మొక్కేనా

కొన్ని దుష్ప్రభావాలకు పేరు రాసిన మొక్కతో సంబంధమే ఉండదు. పసిపిల్లల కడుపునొప్పికి అనాసపువ్వు మరిగించి పట్టే అలవాటు చాలా దేశాల్లో ఉంది. 2003లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆ టీ తాగొద్దని హెచ్చరించింది. దాదాపు 40 మంది, వారిలో 15 మంది వరకు పసివాళ్లు, మూర్ఛలు, వాంతులు, కళ్లు వింతగా కదలడం లాంటి లక్షణాలతో అస్వస్థులయ్యారు. వంటలో వాడే చైనా అనాసపువ్వులో జపాన్ రకం కలిసి ఉండొచ్చని అనుమానించారు. జపాన్ రకంలో అనిసాటిన్ అనే నరాల విషం ఉంటుంది. ఎండిన తర్వాత రెండింటినీ కంటితో చూసి విడదీయలేం.

జమైకాలో 1950లలో ఊరి మొక్కలతో కాచే ‘బుష్ టీ’ తాగిన పిల్లలకు పొట్ట ఉబ్బి, కాలేయంలోని సన్నటి సిరలు పూడుకుపోయాయి. కారణం పైరొలిజిడిన్ ఆల్కలాయిడ్లు. అవి ఉండే మొక్కల్లో జనుము జాతి క్రోటలేరియా ఒకటి. 1975 ప్రాంతంలో అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజాలో ఇదే జబ్బు ఊళ్లకు ఊళ్లను పట్టింది. అక్కడ తిన్న చిరుధాన్యం గోండ్లిలో క్రోటలేరియా గింజలు కలిశాయని తేల్చినవారిలో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలున్నారు. హెర్బల్ టీకి దీనితో సంబంధమేమిటంటే, చామంతి, పుదీనా కోసేటప్పుడు మధ్యలో మొలిచిన కలుపు మొక్కలు కూడా కోతలో పడతాయి. 2013లో జర్మనీ పరీక్షల్లో పలు హెర్బల్ టీల్లో ఈ ఆల్కలాయిడ్లు బయటపడ్డాయి. ఆ తర్వాత ఐరోపా సమాఖ్య హెర్బల్ టీ ఆకులకు కిలోకు 200 మైక్రోగ్రాములు, కెమొమైల్, పెప్పర్‌మింట్ లాంటి కొన్నింటికి 400 అని హద్దు పెట్టి 2022 నుంచి అమలు చేస్తోంది.

అట్టపెట్టె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మన దగ్గర ఒకే మూలిక రెండు లైసెన్సుల కింద బజారుకు రావచ్చు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు ఉంటే అది ఆహారం. దినుసులు ఎక్కువ బరువు నుంచి తక్కువకు వరసగా రాస్తారు, ప్రతిదాని గ్రాములూ ఉండకపోవచ్చు. ఆయుష్ ఔషధ లైసెన్సు ఉంటే ఒక్కో మూలిక పరిమాణం, వాడాల్సిన మోతాదు రాసి ఉంటాయి. అతిమధురం జాబితాలో మొదటి రెండు మూడు స్థానాల్లో ఉంటే బీపీ ఉన్నవాళ్లు ఆ పొట్లాన్ని పక్కన పెట్టడానికి ఆ ఒక్క వరస చాలు.

ఏదైనా తేడా కనిపించి ఆపేశాక శరీరం ఎంత వేగంగా సర్దుకుంటుందన్నది మూలికను బట్టి మారుతుంది. సునాముఖి ప్రభావం ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అతిమధురం వల్ల పడిపోయిన పొటాషియం, పెరిగిన బీపీ మామూలయ్యేందుకు ఒకటి రెండు వారాలు, కొందరిలో ఇంకా ఎక్కువే పడుతుంది. కాలేయ ఎంజైములు వారాలు, నెలలు తీసుకుంటాయి. పచ్చటి కళ్లు, ముదురు రంగు మూత్రం, ఒళ్లంతా దురద కనిపిస్తే ఆపేసి ఊరుకోకుండా అదే రోజు రక్తపరీక్ష అవసరం. పొట్లాన్ని, మిగిలిన పొడిని పారేయకుండా డాక్టరుకు చూపిస్తే మొక్క ఏదో తేల్చే అవకాశం ఉంటుంది. నిజంగా దానివల్లేనా అని తెలుసుకోవడానికి కొందరు కోలుకున్నాక మళ్లీ ఒక కప్పు తాగి చూస్తారు. కాలేయం ఒకసారి దెబ్బతిన్నవాళ్లలో రెండోసారి ప్రతిచర్య మొదటిదానికంటే త్వరగా, తీవ్రంగా రావచ్చు. అందుకే వైద్యులు ఆ పరీక్షను తలపెట్టరు, ఆపాక రిపోర్టులు దిగిన తీరుతోనే సరిపెట్టుకుంటారు.